రంగడి అమ్మ ఇటు తిరిగింది

రెక్కల రంగడి అమ్మ ముఖం ఎవరూ చూడలేదు. పదకొండేళ్ళపాటు వారం వారం వచ్చిన బొమ్మల కథ అది. తగరపు రెక్కలు కట్టుకున్న కుర్రాడు, తప్పిపోయిన తల్లిని వెతుక్కుంటూ దీవి నుంచి దీవికి ఎగురుతూ ఉంటాడు. ప్రతివారం ఆఖరి గడిలో ఆవిడ కనిపించేది, అదీ వీపు మాత్రమే. ముడిలో ఒక చామంతి, నడుం మీద బిందె, కాస్త వంగిన ఎడమ భుజం. రంగడు "అమ్మా" అని కేక పెట్టేసరికి పేజీ అయిపోయేది. చిట్టచివరి సంచికలో మాత్రం ఆవిడ ఇటు తిరిగింది. తిరిగిందని మనకెలా తెలుసంటే, రంగడి ముఖం చూసి. ఆ గడి నిండా వాడి ముఖమే. అంతంత కళ్ళు చేసుకుని, నోరు తెరిచి చూస్తూ ఉంటాడు. అక్కడితో కథ అయిపోయింది. గీసిన సింహాద్రి మాస్టారు ఆవిడ ముఖాన్ని తన దగ్గరే ఉంచేసుకున్నారు.

అప్పట్లో అది చదివిన పిల్లలు ఇప్పుడు యాభైల్లో పడ్డారు. బట్టతలలూ బీపీ మాత్రలూ వచ్చాయి గాని, ఆ పేజీలు కత్తిరించి, సూదీ దారంతో కుట్టి, పాత చొక్కా గుడ్డతో అట్ట వేసుకున్న పుస్తకాలు బీరువాల్లో అలాగే ఉన్నాయి. అందుకే "రెక్కల రంగడు" సినిమాగా వస్తోందనీ, అందులో అమ్మ ముఖం కూడా కనిపిస్తుందనీ పేపర్లో పడగానే వాళ్ళకి ఒళ్ళు మండిపోయింది. ఆ ముఖం తయారుచేస్తున్నది విశాఖపట్నంలో ఒక ప్రయోగశాల అని తెలిసి, అక్కడికి బస్తాలకొద్దీ ఉత్తరాలు రాశారు. "మా రంగడి అమ్మకి ముఖం పెట్టడానికి మీరెవరు?" అన్నది అన్నిటి సారాంశం. కొందరైతే మర్యాదగా మొదలుపెట్టి మూడో వాక్యానికే తిట్లలోకి దిగిపోయారు.

ఆ ఉత్తరాలన్నీ చదివే పని పైడిరత్నం మీద పడింది. పడటం న్యాయమే. ఆవిడ పదహారేళ్ళుగా అక్కడ శాస్త్రజ్ఞురాలు, పైగా సింహాద్రి మాస్టారి ఒక్కగానొక్క కూతురు. నలభై నాలుగేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, తండ్రిని దగ్గర పెట్టుకుని ఆ ఊళ్ళోనే సీతమ్మధారలో ఉంటోంది. ఆవిడకి ఉత్తరాల మీద కోపం రాలేదు. రంగడి అమ్మ ముఖం చూడాలన్న ఆశ ఈ లోకంలో అందరికంటే ఎక్కువగా ఉన్నది ఆవిడకే మరి.

అభిమాన సంఘం తరఫున తేల్చుకోవడానికి కోరాడ ఈశ్వర్రావు వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. చంకలో ఆరువందల సంతకాల కాగితాలు, ముఖంలో ఆరువందల మంది కోపం.

"సూడండి మేడమ్‌గారూ, మా అందరిదీ ఒకటే మాట. ఏ హీరోయిన్ని పెట్టినా ఒప్పుకోం. ఆ బొమ్మ సూసినప్పుడు నాకు మా అమ్మే తిరుగుతున్నట్టుండీది. ఇంకో ఆవిడ తిరిగితే నాకేటి?"

"ఇంకో ఆవిడ తిరగదండి," అంది రత్నం. "ఇది ఒక్కసారి పెట్టుకోండి."

తలకి ఒక గుడ్డపట్టీ, కళ్ళకి అద్దాలు. ఎదురుగా తెరమీద సినిమా ఆఖరి ఘట్టం. అద్దాలు లేకుండా చూస్తే అందులో తల్లి ముఖం ఉండాల్సిన చోట పొగమంచులా మసక ఉంటుంది. అమ్మ అన్న మాటకి మనసులో ఏ ముఖం మెదులుతుందో పట్టీ పసిగడుతుంది, అద్దాలు ఆ ముఖాన్ని తీసుకెళ్ళి ఆ మసకలో నిలబెడతాయి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఇద్దరు తల్లులు కనిపిస్తారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు పూరకం.

నాలుగు నిమిషాలయ్యాక ఈశ్వర్రావు అద్దాలు తీశాడు. చేతిలో కాగితాలు కిందపడితే తీసుకోలేదు.

"మా అమ్మకి పై పన్ను మీద ఇంకో పన్నుండీది," అన్నాడు చివరికి. "నవ్వితే అదే ముందు కనపడీది. ఆ సంగతి మీకెలాగ తెలిసీసిందండీ?"

ఆ రోజు నుంచీ సంఘం సినిమా వైపు తిరిగిపోయింది.

రత్నం తల్లి పేరు చిన్నమ్మడు. రత్నానికి పద్నాలుగో నెల నడుస్తుండగా పచ్చకామెర్లు వచ్చి పోయింది. ఉన్నది ఒక్కటే పెళ్ళి ఫోటో. ఆ మరుసటేడు తుపానుకి విజయనగరంలో వాళ్ళ ఇంటికప్పు లేచిపోయి, ట్రంకుపెట్టెతో సహా అదీ పోయింది. చిన్నమ్మడుకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ లేరు. రత్నాన్ని పెంచింది మేనత్త అప్పలనర్సమ్మ. ఊహ తెలిసిన రోజుల్లోనే ఆవిడ పిల్లని కూర్చోబెట్టుకుని చెప్పింది, "మీ నాన్న దగ్గర మీ అమ్మ మాటెత్తకే. రెండ్రోజులు కూడు ముట్టడు." రత్నం బుద్ధిమంతురాలు. ఆ మాట పట్టుకుని నలభై ఏళ్ళు నోరు మూసుకుంది. అత్తా పోయింది. ఇప్పుడు చిన్నమ్మడు ముఖం తెలిసిన మనిషి భూమ్మీద సింహాద్రి మాస్టారు ఒక్కరే మిగిలారు.

ఆయన డ్రాయింగు మాస్టారు కదా, భార్య బొమ్మ ఎందుకు గీసి ఉంచలేదని ఎవరికైనా అనిపిస్తుంది. రత్నానికీ అనిపించేది. దానికి జవాబు ఆవిడ విన్నది సినిమా ఒప్పందం నాడు, అదీ ప్రయోగశాల పెద్ద విశ్వంభర్ అడిగితే.

"మా అమ్మ పోయినప్పుడు ఆవిడ బొమ్మ ఓ ఇరవైసార్లు గీసేను బాబూ," అన్నారు మాస్టారు. "ఇప్పుడు కళ్ళు మూస్తే ఆ బొమ్మే వస్తాది గాని అమ్మ రాదు. తలుచుకుని గీసిన ప్రతిసారీ మనిషి కొంచెం పోతాది, బొమ్మ కొంచెం చేరతాది. రంగడి అమ్మంటే నాకు రత్నం వాళ్ళమ్మే, అందుకని దాని వీపు గీసేను గాని ముఖం మాత్రం గీయలేదు. ఉన్నదున్నట్టు ఉంచీసేను."

విశ్వంభర్ నవ్వి, కళాకారులకి ఇలాంటి చాదస్తాలుంటాయిలే అన్నట్టు కాగితం ముందుకు జరిపాడు. రత్నం మాత్రం ఆ సాయంత్రం బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. అమ్మ ఉంది. ఉన్నదున్నట్టు ఉంది. తన పక్క గదిలో, మంచం మీద పడుకుని గురకపెట్టే మనిషి తలలో భద్రంగా ఉంది. ఆ ముఖాన్ని బయటికి తీసే యంత్రం తన చేతుల్లోనే ఉంది.

ఒక్క సంగతి చెప్పాలి. మనసులో ముఖాలు కదలవు. తెరమీద తల్లి కదలాలి, రెప్ప వెయ్యాలి, "వచ్చావా రంగా" అనాలి. అందుకని కదిలే ముఖం ఒకటి అడుగున ఉండాలి, చూసేవాళ్ళ తల్లి ముఖం దాని మీద పరుచుకోవాలి. తెలిసిన నటి ముఖం పెడితే మనసు ఆవిడ దగ్గరే ఆగిపోతోందని పరీక్షల్లో తేలింది. ఎవరికీ తెలియని ముఖం కావాలన్నారు. బయటివాళ్ళని వెతికే తీరిక లేక రత్నాన్ని కూర్చోబెట్టారు. మూడు రోజులు ముఖం నిండా కదలికలు పట్టే చుక్కలు అతికించుకుని కెమెరాల ముందు నవ్వింది, రెప్ప వేసింది, "వచ్చావా రంగా" అంది. ఆ ముఖం ఎవరికీ కనపడదు, పూర్తిగా కప్పబడిపోతుందని విశ్వంభర్ అందరికీ హామీ ఇచ్చాడు.

కనపడింది, ఒక్కరికి. సినిమా పూర్తయ్యాక సిబ్బంది అంతా పట్టీలు కట్టుకుని చూశారు. పక్క కుర్చీలో ఆపరేటరు కుర్రది వెక్కివెక్కి ఏడుస్తోంది. తెరమీద తల్లి ఇటు తిరిగింది. రత్నానికి కనిపించింది రత్నమే. అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తన ముఖమే, తనని చూసి నవ్వుతోంది. పద్నాలుగు నెలల పిల్ల మనసులో యంత్రానికి ఏమీ దొరకలేదు.

ఆ మర్నాడే ఆవిడ ఒక అనుమతి పత్రం టైపు చేసుకుంది. సినిమా హాల్లో పట్టీ పసిగట్టిన ముఖాలు ఎక్కడా నిలవ ఉంచకూడదన్నది నియమం. ప్రయోగశాలలో మాత్రం, మనిషి సంతకం పెడితే, వాళ్ళ మనసులోని ముఖాన్ని ఒక్కసారి మానిటరు మీద చూడొచ్చు. పత్రంలో తండ్రి పేరు రాసి, నాలుగు మడతలు పెట్టి, హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. ఈ ఆదివారం అడుగుదాం అనుకుంది.

సినిమా విడుదలైంది. విడుదల రోజున హాలు ముందు రంగడి తల్లి కటౌటు పెట్టారు, వెనకనుంచే. అభిమానులు దానికి పాలు పొయ్యలేదు, చీర కప్పారు. చూసినవాళ్ళు బయటికి వస్తే కేకలు లేవు, ఈలలు లేవు. మెట్ల మీద కూర్చుని ఫోన్లు తీసి అక్కకో తమ్ముడికో చేస్తున్నారు. "అమ్మని చూశానురా. పసుపు రాసుకునుంది. నువ్వూ రా." పేపర్లవాళ్ళు మైకులు పెడితే ఒక పెద్దాయన, "మా రంగడిని పాడుచెయ్యలేదు, అది చాలు," అని, మైకు పక్కకి తోసి వెళ్ళిపోయాడు. యంత్రాల చేత ఏడిపించడం అన్యాయమని, పుస్తకంలో ఖాళీగా వదిలేసిందాన్ని పూరించడం పాపమని రాసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా రెండోసారి టిక్కెట్టు కొనుక్కునే రాశారు.

రెండోసారి, మూడోసారి, పదోసారి. పొద్దున ఆటకి వచ్చినవాళ్ళే మ్యాట్నీకి ఉంటున్నారు. ఈశ్వర్రావు లెక్క ఇరవై దాటింది. మన దగ్గర అభిమానం అంటే అదే కదా, నచ్చిన సినిమాని ఎన్నిసార్లు చూశామో చెప్పుకోవడం. పూరకం జ్ఞాపకాలకి హాని చేయదని పరీక్షించినప్పుడు మాత్రం ఒక్కొక్కరికి రెండే ఆటలు చూపించారు, వారం తేడాతో. హాని లేదని తేలింది. ఆ నివేదిక కింద సంతకం పైడిరత్నానిది. అదే పైడిరత్నం పదో తరగతి సెలవుల్లో విజయనగరంలో ఒకే సినిమాకి తొమ్మిదిసార్లు వెళ్ళి అత్త చేత చీవాట్లు తింది. సంతకం పెట్టేటప్పుడు ఆ సంగతి ఆవిడ తలకి తట్టలేదు.

సింహాద్రి మాస్టారిని మొదటి ఆటకి సంఘంవాళ్ళు పూలదండ వేసి తీసుకెళ్ళారు. ఇంటికొచ్చి ఆయన మంచం మీద కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా, గోడకేసి చూస్తూ ఉండిపోయారు. మర్నాడు మ్యాట్నీ వేళకి తనంతట తనే లేచారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలకి నూనె రాసి, అద్దం ముందు నిలబడి ముఖానికి కాస్త పౌడరు అద్దుకున్నారు.

"ఏటి నాన్నా, పెళ్ళికొడుకులా తయారయ్యావు?" అంది రత్నం.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి సిగ్గుపడ్డాడు. "ఊరికే," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

అది ప్రతిరోజూ జరిగింది. సాయంత్రం ఆయన ముఖం వెలిగిపోతూ ఉండేది. అన్నం దగ్గర రత్నం ఆ ముఖంలోకి చూస్తూ, అక్కడ ఏదైనా కనిపిస్తుందేమోనని వెతుక్కునేది.

"ఎలాగుంది నాన్నా సినిమా?"

"బాగుంది."

"అమ్మ..." అని మొదలుపెట్టేది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని తలెత్తేవారు. అత్త మాట గొంతుకి అడ్డం పడేది. "చారు పొయ్యనా?" అనేది. ఆయన పొయ్యమనేవారు. పత్రం హ్యాండుబ్యాగులో మడతల దగ్గర చిరగడం మొదలుపెట్టింది. ఇంట్లోనే ఉన్న మనిషి, ఎక్కడికి పోతాడు, వచ్చే ఆదివారం అడగొచ్చు. అలా నాలుగు ఆదివారాలు గడిచిపోయాయి.

ముప్ఫయ్యో రోజున ఈశ్వర్రావు సంఘంవాళ్ళని వెంటపెట్టుకుని ప్రయోగశాలకి వచ్చాడు, రత్నానికి సన్మానం చెయ్యాలని. శాలువా విప్పి, రెండు చేతులా పట్టుకుని, ఆవిడ భుజాల మీద కప్పబోయి ఆగిపోయాడు.

"ఏమైంది ఈశ్వర్రావుగారూ?"

"ఏటీ లేదండి. మిమ్మల్ని సూస్తే..." అతను శాలువా కిందికి దించాడు. "ఇన్నిసార్లు మీ ఎదురుగా కూకున్నాను, ఎప్పుడూ అనిపించలేదు. మీరు అచ్చం మా అమ్మేనండి."

వెనకనున్న ముగ్గురూ కూడా ఆవిడనే చూస్తున్నారు. ముగ్గురి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. సన్మానాల్లో ఇలాంటి మాటలు మామూలే గనక రత్నం ముందు నవ్వింది. నిన్న రైతుబజార్లో ఎవరో పెద్దావిడ వంకాయలు ఏరుతూ ఏరుతూ తన చెయ్యి పట్టుకుని వదలని సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"మీ అమ్మగారికి పై పన్ను మీద పన్నుండేదన్నారు కదా?" అంది.

ఈశ్వర్రావు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఏ పన్నండీ?" అన్నాడు.

అతని చేత సంతకం పెట్టించి మానిటరు ముందు కూర్చోబెట్టింది. తెరమీద ముఖం తేరుకోవడానికి ఆరు సెకన్లు పట్టింది. అది ఆవిడ ముఖమే, చుక్కలు అతికించుకుని మూడు రోజులు కెమెరాల ముందు నవ్విన ముఖం. జ్ఞాపకాన్ని పైకి తీసిన ప్రతిసారీ అది కొంచెం మెత్తబడుతుందనీ, మళ్ళీ లోపలికి వెళ్ళి గట్టిపడేటప్పుడు పక్కనున్నదాన్ని కొంచెం అంటించుకుని పోతుందనీ ఆవిడ చదువుకున్న పుస్తకాల్లోనే ఉంది. రెండు ఆటలకి అంటుకున్నది కొలతకి అందనంత తక్కువ. అతను చూసినవి నలభై ఒకటి. మాస్టారు చెప్పిందీ ఇదే, చాదస్తమని వాళ్ళంతా నవ్వుకున్నదీ దీన్నే.

గోడ గడియారంలో మూడు కావస్తోంది. మ్యాట్నీ మొదలై అరగంటయింది.

ఆటోలో వెళ్తున్నంతసేపూ ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మధ్యలో రెండు రోజులు ఆయనకి జ్వరం. ఒకరోజు కరెంటు లేదు. ఎలా లెక్కపెట్టినా పాతికకి తగ్గలేదు. హాల్లోకి వెళ్ళి ఏడో వరసలో తండ్రిని పట్టుకుంది. అద్దాల వెనక ఆయన చిన్నగా నవ్వుకుంటూ, ఆఖరి ఘట్టం కోసం కాచుకుని కూర్చున్నారు. ఆవిడ వంగి ఆయన తలకున్న పట్టీ తీసేసింది.

"లే నాన్నా. నాతో రా."

ఆవిడ ఆయన్ని ఆటోలో ప్రయోగశాలకి తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చున్నాక అన్నారు, "ఏటి తల్లీ ఇదంతా?"

"అమ్మని చూడాలి నాన్నా," అంది రత్నం.

నలభై ఏళ్ళ పైచిలుకు పట్టింది ఆ మూడు మాటలకి. ఆయన కూతురి ముఖంలోకి చాలాసేపు చూశారు. తర్వాత చిన్నపిల్లాడిలా గబగబా పట్టీ అందుకుని తనే కట్టుకున్నారు. ఇన్నాళ్ళ అలవాటుతో ముడి చక్కగా కుదిరింది.

"చూద్దువు గాని. ఆ మాట నువ్వడగాలే గాని నేను చూపించనేటి?" కళ్ళు మూసుకున్నారు. "ఇదిగో. వస్తంది చూడు. నవ్వితే దాని కుడి కన్ను కొంచెం మూసుకుపోతాది. కనిపెట్టినావా? ఎడమది తెరుచుకునే ఉంటాది, కుడిది మాత్రం..."

మానిటరు మీద ముఖం తేరుకుంది. ముడిలో చామంతి ఉంది. నవ్వుతోంది. రెండు కళ్ళూ సమానంగా తెరుచుకునే ఉన్నాయి. మెడ కింద పుట్టుమచ్చతో సహా అది రత్నమే.

రత్నం మాట్లాడకపోయేసరికి మాస్టారు కళ్ళు తెరిచారు. వేలు పెట్టి చూపించడానికి ముందుకు వంగారు. వేలు కుడి కంటి దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. బొమ్మలు దిద్దిన కళ్ళు ఆయనవి, ఎక్కువసేపు పట్టలేదు. మానిటరు చూశారు, కూతురిని చూశారు, మళ్ళీ మానిటరు చూశారు.

"ఈ కనుబొమ్మ నీది కదా?" అన్నారు.

"అవును నాన్నా."

"ముక్కూ నీదే."

"అన్నీ నావే."

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. గట్టిగా మూసుకున్నారు. పోయిన వస్తువు కోసం చీకట్లో తడుముకునే మనిషిలా ఆయన చేతులు ఒళ్ళో కదిలాయి. మానిటరు మీద ముఖం మాత్రం మారలేదు. చాలాసేపటికి ఆవిడే మీట నొక్కి దాన్ని ఆపేసింది.

"నలభై ఏళ్ళు గీయకుండా ఉన్నాను తల్లీ. చెయ్యి ఎన్నిసార్లు లాగిందో నీకు తెలీదు. అయినా గీయలేదు. చూస్తే కూడా పోతాదని నాకెవరు చెప్పేరు?"

"నేను చెప్పాలి నాన్నా. ఏం కాదని సంతకం పెట్టింది నేనే."

"అది అక్కడ నడిసీది. బిందె దించి నాకేసి చూసీది. బతికుండగా కూడా నాకేసి అన్నిసార్లు చూళ్ళేదు," అన్నారాయన. ఆ మాటకి తనే ఏడ్చారు. కాసేపటికి చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని అడిగారు. "నువ్వెందుకు ఎప్పుడూ అడగలేదు? ఒక్కసారి అడిగుంటే గీసిచ్చీవాణ్ణి. నాకు పోతే పోయిందని నీకోసం గీసిచ్చీవాణ్ణి. నీకు అక్కర్లేదనుకున్నాను."

"అత్త వద్దంది. అమ్మ మాటెత్తితే రెండ్రోజులు కూడు ముట్టవని."

మాస్టారు తలకున్న పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు.

"రెండ్రోజులు తినకపోతే ఏటయిపోతాను తల్లీ?" అన్నారు.

ఆ రాత్రి ఇద్దరూ ఏమీ తినలేదు.

మర్నాడు రత్నం తన పేరుతోనే నివేదిక రాసి అందరికీ పంపింది. వారంలో సినిమా ఆపేశారు, పట్టీలు వెనక్కి తీసుకున్నారు. అభిమానులు రాళ్ళు వేస్తారనుకుని హాలు దగ్గర పోలీసుల్ని పెట్టారు. వాళ్ళు రాళ్ళు వెయ్యలేదు. గేటు ముందు కూర్చుని, ఇంకొక్క ఆట వెయ్యమని బతిమాలారు.

"మా అమ్మ ముఖం పోయిందని తెలుసు మేడమ్‌గారూ," అన్నాడు ఈశ్వర్రావు. "ఇంట్లో ఫోటో ఉంది. సూస్తే ఎవరో పరాయి ఆవిడలాగుంది. కింద పేరు సదువుకుని, ఓహో, ఈవిడే గావాల అనుకుంటున్నాను. పోయిందెలాగూ పోయింది. ఉన్నదైనా సూసుకోనివ్వండి."

రత్నం ఒప్పుకోలేదు. అప్పుడు వాళ్ళు సీతమ్మధారకి రావడం మొదలుపెట్టారు.

మొదటిరోజు నలుగురు వచ్చి వీధిలో నిలబడ్డారు. రెండోరోజు ముప్ఫైమంది. గొడవ చెయ్యలేదు, తలుపు కొట్టలేదు. ఎవరో అరటిపళ్ళు, ఎవరో జాకెట్టుముక్క తెచ్చి గేటు దగ్గర పెట్టారు. ఆవిడ పనికి వెళ్ళడానికి బయటికొస్తే చూశారు, అంతే. వాళ్ళ తల్లులు ఇప్పుడు ఆ ముఖంలో తప్ప ఇంకెక్కడా లేరు. రత్నం మొదట తల వంచుకుని నడిచి వెళ్ళిపోయేది. తర్వాత వెళ్ళలేకపోయింది. పొద్దున ఎనిమిదింటికి వచ్చి వరండాలో పావుగంట నిలబడటం అలవాటు చేసుకుంది. తను చేసిన పనికి తను ఇవ్వగలిగింది అదొక్కటే అనుకుంది.

ఒకరోజు వరసలోంచి ఒక ముసలావిడ మెట్టు దాకా వచ్చింది. డెబ్భై దాటినామె, రత్నం కంటే పాతికేళ్ళకి పైనే పెద్ద.

"ఏటీ అనుకోకమ్మా. మా యమ్మ నన్ను బుడ్డీ అనీది. ఒక్కసారి అలగ పిలుద్దూ."

రత్నం ఆవిడ ముఖంలోకి చూసి, "బుడ్డీ," అంది.

ముసలావిడ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆగలేదు. ఒక్కొక్కరే మెట్టు దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినట్టు తమ పిలుపు చెప్పుకున్నారు. పండూ, నాయినా, కన్నయ్యా, సిట్టీ. యాభయ్యేళ్ళ మగవాళ్ళు, ఉద్యోగాలు చేసి పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు. ఈశ్వర్రావుని వాళ్ళమ్మ బావొడా అనేదట. రత్నం అందరినీ పిలిచింది. ఆఖరి మనిషి వెళ్ళేసరికి తొమ్మిదిన్నరయింది, గొంతు బొంగురుపోయింది.

లోపల మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. ఈమధ్య ఆయన కూతురి ముఖంలోకి చూడటం మానేశారు. చూస్తే ఎవర్ని చూస్తున్నారో ఆయనకే తెలియడం లేదు. రత్నం వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"అమ్మ నన్నేమని పిలిచేది నాన్నా?"

ఆయన బయటికే చూస్తూ ఉన్నారు. యంత్రం ముట్టుకున్నది ముఖాన్నే, గొంతుని కాదు. ఆ సంగతి రత్నానికి తెలుసు, అయినా ఊపిరి బిగబట్టుకునే ఉంది. ఆయన పెదవులు కదిలాయి. తర్వాత చిన్నమ్మడు పిలిచినట్టే, ఆ సాగదీతతోనే, ఆ చివర విరుపుతోనే పిలిచారు. ముసలి గొంతులోంచి ఒక్క క్షణం ఇరవై రెండేళ్ళ ఆడమనిషి మాట వినపడింది.

ఆ పిలుపేమిటో నేనిక్కడ రాయను. రాస్తే అందరూ చదువుతారు, చదివినకొద్దీ ఎవరి గొంతో ఒకటి దానికి అంటుకుంటుంది.

రత్నం ఆయన మోకాలు పట్టుకుంది. "మళ్ళీ పిలు నాన్నా. ఇంకొక్కసారి."

"వద్దు తల్లీ," అన్నారు మాస్టారు. ఆయన చెయ్యి ఆవిడ తలమీద ఉంది. "మాటిమాటికీ పిలిస్తే ఇదీ పోతాది. నీ దగ్గర ఉంచుకో. ఊరికే తలుచుకోకు."

రత్నం సరేనంది. ఆ మాట పెదవుల దాకా రాకుండా, మనసులోనైనా మళ్ళీ అనుకోకుండా, పళ్ళు బిగించుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.